సర్గీసు గోడకు గంగారాం కొట్టిన నీళ్ళు

కరోనా మాస్కులు తీసేసిన మరుసటి చలికాలం. బహ్రెయిన్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాత ఊళ్ళో, ఇళ్ళ మధ్య మిగిలిపోయిన ఖాళీ జాగాలో తవ్వకాలు జరుగుతున్నాయి. అప్పటికి నేను ఈ దేశానికి వచ్చి పద్నాలుగేళ్ళు. నా పని డ్రాఫ్ట్స్‌మన్, అంటే కొలిచిన కొలతలను కాగితం మీద గీతలుగా పెట్టేవాణ్ణి. కాకినాడ పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న ఆ విద్యతో సల్మాబాద్‌లోని మా సర్వే ఆఫీసులో కూర్చుని గోడౌన్లు, మురుగు కాలువలు, కారు పార్కింగులు గీసేవాణ్ణి. అంతకు మించిన పని నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఆ తవ్వకాల్లో బయటపడుతున్న గోడలను గీసిపెట్టే పని మా ఆఫీసుకు వచ్చింది. పాతకాలం కట్టడాలు గీసిన అనుభవం మాకెవరికీ లేదని మా మేనేజర్‌తో చెప్పాను. గోడలు గోడలే కదా, ఏ కాలానివైతే ఏం అన్నాడాయన. ఆ ఒక్క మాటతో ఆర్నెల్లు నా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కడ బయటపడింది ఒక చిన్న చర్చి. ఇస్లాం రాకముందూ, వచ్చిన కొత్తలోనూ ఈ గల్ఫ్ తీరంలో క్రైస్తవులు ఉండేవారు. వాళ్ళ ప్రార్థనల భాష సిరియాక్. అరబిక్‌లా కుడి నుంచి ఎడమకు రాస్తారు. కేరళలో కొన్ని చర్చిల్లో ఆ భాష ఇప్పటికీ వినిపిస్తుందని నాకు అక్కడే తెలిసింది. చర్చి గుమ్మం పక్కన, మోకాలి ఎత్తులో, జిప్సం పూత మీద నాలుగు వరుసల సిరియాక్ అక్షరాలు కనిపించాయి. తలుపు రెక్కలో సగం ఉంటుందేమో ఆ పలక. దాన్ని డోనర్ ఇన్‌స్క్రిప్షన్ అంటారని నూరా చెప్పింది. అంటే దాత పేరు చెప్పే శాసనం. నూరా ఈ దేశపు మనిషి, కన్సర్వేటర్. పాత వస్తువులు ఇంకా పాడవకుండా కాపాడటం ఆమె ఉద్యోగం.

ఇలాంటివాటిలో మాట ఒకే తీరుగా ఉంటుందట. ఈ గోడకో, ఈ నేలకో, ఈ దీపానికో ఖర్చు పెట్టుకున్న ఫలానా మనిషిని ప్రభువు తలచుకోవాలి, చదివినవాళ్ళు అతని కోసం ప్రార్థించాలి. అది వినగానే నాకు మా వీధి రామాలయంలో ట్యూబ్‌లైటు గుర్తొచ్చింది. దాని మీద దాత పేరు, భార్య పేరు, కొడుకుల పేర్లు ఎర్ర పెయింటుతో రాసి రాసి, వెలుతురు బయటికి రావడానికి జానెడు గాజు మాత్రం మిగిలింది. ఆ సంగతి నూరాకు చెబితే చాలాసేపు నవ్వింది. ఈ గోడ దాత మీ ట్యూబ్‌లైటు దాత కంటే వినయంగలవాడే, నాలుగు వరుసలతో సరిపెట్టాడు అంది.

ఆ నాలుగు వరుసలు చదవాల్సిన ప్రొఫెసర్ వేరే దేశంలో ఉంటాడు. ఫొటోలు పంపితే మొదటి రెండు వరుసలు చదివేశాడు. మూడో వరుసలో దాత పేరు ఉందనీ, ఫొటోలో ఏది అక్షరమో ఏది గీరుడో తెలియడం లేదనీ మెయిల్ పెట్టాడు. గోడ ఎదురుగా కూర్చుని, అసలు సైజులో ప్రింటు తీసిన ఫొటో మీద ట్రేసింగ్ కాగితం పరచి, కంటికి కనబడిన ప్రతి గీతా గీసి పంపాలి. ఆ పని నాకు పడింది.

మొదటి డ్రాయింగ్ చాలా బాగా వేశానని అనుకున్నాను. రెండు రోజుల్లో వెనక్కి వచ్చింది. మూడో వరుసలో విరిగిపోయిన అక్షరాన్ని మీరు కలిపేశారు, కలపమని నేను అడగలేదు అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. డ్రాఫ్ట్స్‌మన్ చేతికి తెగిన గీత కనబడితే కలపడం ఊపిరి పీల్చినంత సహజం. పద్నాలుగేళ్ళు జీతం తీసుకున్నది అందుకే. రెండోసారి కలపకుండా పంపాను. ఈసారి గీరుళ్ళను కూడా అక్షరాలంత లావుగా గీశారు, ఏది ఏదో ఎలా తెలుస్తుంది అన్నాడు. తెలియకపోవడం నా తప్పా అని నాకు నేనే గొణుక్కున్నాను.

ఇది చాలదన్నట్టు, ఈ తవ్వకాలకు సాయం చేస్తున్న ఒక కంపెనీ వాళ్ళ పేరుతో గేటు దగ్గర పెట్టే బోర్డు కూడా నన్నే గీయమన్నారు. కంపెనీ గుర్తు ఇంకొంచెం పెద్దది చెయ్యమని వాళ్ళ మనిషి రోజూ ఫోన్. ఒకాయనేమో గీసింది చెరిపెయ్యమంటాడు, ఇంకొకాయన గీసింది పెంచమంటాడు. ఇంటికెళ్ళి మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి. బుదైయాలో ఉన్న మా ఫ్లాటులో ఆ నెలంతా సిరియాక్ మాట ఎత్తకూడదని ఆవిడ ఆంక్ష పెట్టింది.

అప్పుడే గంగారాం నా పనిలోకి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఊళ్ళో ముప్పై ఏళ్ళు ప్లాస్టరింగ్ మేస్త్రీ. ఇక్కడ మాత్రం లేబర్ కాంట్రాక్టర్ కింద మట్టి మోసే పని. సల్మాబాద్ క్యాంపు నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాడు. బహ్రెయిన్‌లో ఉండి కూడా, దుబాయి వచ్చినంక మోకాళ్ళు పోయినయి అనేవాడు. ఒకరోజు నేను పలక ముందు నల్లగుడ్డ కప్పుకుని, టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుతురు వేస్తున్నాను. దీన్ని రేకింగ్ లైట్ అంటారు. ఎదురు వెలుతురులో కనబడని ఎత్తుపల్లాలు ఇందులో తేలతాయి. మట్టి తట్ట పక్కన పెట్టి గంగారాం నా వెనక కూర్చున్నాడు.

"పచ్చిగున్నప్పుడు గీసిండు సారు. గిటు చూడుండ్రి, గీత ఒడ్డుకు సున్నం లేచింది. గీ పక్కది ఎండినంక గీరుకపోయింది. ఒడ్డు లేవలే, పలిగింది."

నేను భూతద్దం పెట్టి చూశాను. నిజమే. తడి పూత మీద పుల్లతో రాస్తే అంచు ఉబ్బుతుంది. ఎండిన పూత మీద ఏదైనా రాసుకుపోతే అంచు చిట్లుతుంది. ఉబ్బిన అంచున్న గీత అక్షరం, చిట్లిన అంచున్నది దెబ్బ. రెండు వారాలుగా నేనూ, నూరా, సముద్రం అవతల ప్రొఫెసరూ కొట్టుకుంటున్న ముడి అది. మట్టి మోసే మనిషి దాన్ని కూర్చున్న చోటే విప్పేశాడు. నాకు సంతోషం కంటే ముందు సిగ్గేసింది. రెండు వారాలుగా ఆయన నా వెనకనుంచే తట్టలు మోస్తున్నాడు, నేను ఒక్కసారీ అడగలేదు.

నూరాతో చెప్పి ఆయన్ను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక్కో గీత దగ్గరా పచ్చిదో ఎండుదో ఆయన చెప్పేవాడు, నేను గీసేవాణ్ణి. మూడో వరుస పూర్తయ్యాక పంపితే ప్రొఫెసర్ ఆ రోజే జవాబిచ్చాడు. దాత పేరు సర్గీస్. పక్కన తండ్రి పేరు కూడా ఉంది, ఫలానావాడి కొడుకు సర్గీస్ అని. ఆ తండ్రి పేరు దొరకడమే గొప్ప సంగతి అని రాశాడు. ఆ రోజుల్లో సర్గీస్‌లు వీధికొకడు ఉంటారు, తండ్రి పేరు లేకపోతే ఈయన ఎవరో మనకు తెలిసేది కాదట. ఇక నాలుగో వరుస. అది అన్నిటికంటే నలిగిపోయి ఉంది. అందులో ఏముందో పలక దగ్గర కూర్చుంటేనే తేలుతుంది, తొందరపడొద్దు అన్నాడు.

మేం తొందరపడలేదు. జాతీయ దినోత్సవం సెలవులు, వాటికి వారాంతం కలిసి నాలుగు రోజులు తవ్వకాలు ఆపేశారు. నూరా కుటుంబంతో ఊరెళ్ళింది. నేను సెలవుల్లో నాలుగో వరుస గీద్దామనుకుంటే, అస్కర్‌లో ఒక లేబర్ క్యాంపుకు కొత్త షెడ్డు కడుతున్నారనీ, దాని డ్రాయింగులు అర్జెంటనీ మేనేజర్ నన్ను అక్కడికి తోలాడు. సైటు దగ్గర కాపలాకు గంగారాంను ఉంచారు. వెళ్ళే ముందు పలక మీద గుడ్డ కప్పి, ఆయనకు గట్టిగా చెప్పాను. ఈ నాలుగు రోజులూ ఇది నీ చేతిలో ఉంది గంగన్నా, జాగ్రత్త, పగుళ్ళు రానివ్వకు అన్నాను. ఆయన రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని సరే అన్నాడు.

ఐదో రోజు పొద్దున సైటుకు వెళ్ళి గుడ్డ పట్టుకుంటే తడిగా తగిలింది. తీసి చూశాను, పలక కింది భాగమంతా తెల్లటి నూగు, గడ్డం మీద నురగలా పొంగి ఉంది. నాలుగో వరుస పైపొర రేకులు రేకులుగా లేచి, కొన్ని చోట్ల రాలి కిందపడింది. గంగారాం నా పక్కనే నిలబడి, మెచ్చుకుంటానేమోనని ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"ఏం చేశావ్ గంగన్నా దీన్ని?"

"క్యూరింగ్ చేసిన సారు. పొద్దుగాల ఒకపాలి, మాపటికి ఒకపాలి నీళ్ళు గొట్టి తడిగుడ్డ కప్పిన. పగుళ్ళు రానియ్యద్దంటిరి గద."

ఇల్లు కట్టించిన ప్రతి తెలుగువాడికీ ఈ పని తెలుసు. సిమెంటు పూత ఎండకు పగలకుండా వారం పది రోజులు దానికి నీళ్ళు కొడుతూ ఉండాలి. దాన్నే క్యూరింగ్ అంటారు. ముప్పై ఏళ్ళలో ఆయన వేల గోడలకు నీళ్ళు కొట్టి ఉంటాడు, ఒక్క గోడా పగిలి ఉండదు. కానీ ఇది సిమెంటు కాదు. జిప్సం నీళ్ళకు మెత్తబడుతుంది. పైగా ఇన్ని వందల ఏళ్ళు సముద్రం పక్కన ఉప్పు నేలలో ఉన్న గోడ. తడిపితే లోపలి ఉప్పు కరిగి పైకి వస్తుంది, ఆరినప్పుడు గడ్డకట్టి పై పొరను తోసేస్తుంది. ఆ సంగతి నూరా నాకు చెప్పింది. నేను గంగారాంకు చెప్పలేదు.

చెప్పలేదన్న ఆలోచన అప్పుడు రాలేదు, కోపమే వచ్చింది. బుద్ధుందా అన్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి, అందరి ముందూ అనరాని మాటలన్నాను. నువ్వు మట్టి మోసుకోవడానికే పనికొస్తావన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఉప్పు నీళ్ళతో గోడ తడుపుతావా అని కూడా అరిచాను. దానికి మాత్రం ఆయన తల ఎత్తాడు.

"నల్లా నీళ్ళు ఉప్పగుంటయని నాకు ఎర్క సారు. నా తాగే నీళ్ళే గొట్టిన."

కాపలా గది గుమ్మంలో ఖాళీ నీళ్ళ సీసాలు వరసగా ఉన్నాయి. కంపెనీ రోజుకు ఇచ్చే తాగేనీళ్ళలో సగం గోడకు పోసి, మిగిలిన సగంతో నాలుగు రోజులు గడిపాడు. నాకు ఏడవాలనిపించింది, ఆయన చెంప పగలగొట్టాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించడం ఎంత చికాకో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

నూరా వచ్చింది. అరవలేదు. నన్ను గోడ దగ్గరనుంచి లేపి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, లేచిన రేకుల మీద పలచటి కాగితాలు అతికించింది. నీడలో మెల్లగా ఆరనివ్వాలి, ఆరాక ఏం మిగిలితే అదే అంది. మూడో వరుస దాదాపు క్షేమం. నాలుగో వరుసలో మొదటి రెండు అక్షరాలు, చివర ఒక గీత మిగిలాయి. ఫొటోలున్నాయి కదా అన్నాను ఆశగా. ఫొటోలో ఒడ్డు కనిపించదు కదా అంది. గంగారాం చెప్పిన మాటే అది.

మధ్యాహ్నానికల్లా మేనేజర్ దిగాడు. సాయం చేస్తున్న కంపెనీవాళ్ళు మర్నాడు చూడటానికి వస్తున్నారట, ఈలోపు ఇన్సిడెంట్ రిపోర్ట్ కావాలి. పని చోట ఏదైనా నష్టం జరిగితే రాసే రెండు పేజీల ఫారం అది. బాధ్యుడి పేరు అన్న గడిలో గంగారాం పేరు పెట్టెయ్, ఖలాస్ అన్నాడు. లేబర్ కాంట్రాక్టర్ కూడా ఫోన్ చేశాడు. ఆ పేరు పడగానే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దాన్ని రద్దు చేస్తాడనీ, వారంలో విమానం ఎక్కిస్తారనీ మామూలుగా చెప్పాడు. గంగారాం సైటు బయట బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంకో రెండేళ్ళ పని అవసరమని, చిన్నబిడ్డ నర్సింగు చదువు అయ్యేదాకా ఇక్కడే ఉండాలని నాకు తెలుసు. గీతలు పచ్చివో ఎండువో చెబుతూ ఆయనే మాటల్లో చెప్పాడు.

దాచడం ఎందుకు, నేను ఆయన పేరే రాశాను. చేసింది ఆయన. అబద్ధమేమీ కాదు. ఆ గడి నింపేసి ఫారంలో కిందికి వచ్చాను. తర్వాతి గడిలో, ఆ పనికి ఇచ్చిన సూచనలు ఏమిటి, ఎవరు ఇచ్చారు అని ఉంది. నేను ఏం చెప్పానో గుర్తు చేసుకుని అక్షరం పొల్లుపోకుండా రాశాను. జాగ్రత్త, పగుళ్ళు రానివ్వకు. రాసి చదువుకున్నాను. ప్లాస్టరింగ్ మేస్త్రీతో పగుళ్ళు రానివ్వకు అని చెబితే ఆయన నీళ్ళు కాక ఏం కొడతాడు? నేను ఇచ్చిన పనిని ఆయన తన నీళ్ళు మానుకుని మరీ చేశాడు. అంతకంటే శ్రద్ధగా నా మాట ఎవరూ వినలేదు.

ఆ కాగితం చించేసి కొత్త ఫారం తీసుకున్నాను. బాధ్యుడి గడిలో నా పేరు రాశాను. ఇదేదో త్యాగమని ఎవరూ అనుకోవద్దు. రాస్తున్నంతసేపూ గంగారాం మీద విసుగ్గానే ఉంది. అడగొచ్చుగా, ఫోన్ ఉందిగా, నాలుగు రోజుల్లో ఒక్కసారి అడగలేవా అని. అస్కర్‌లో ఉన్న నేను ఒక్కసారి ఫోన్ చేసి అడగొచ్చుగా అని కూడా అనిపించింది కాబట్టే రాయగలిగాను.

మేనేజర్ నా మీద విరుచుకుపడ్డాడు. వార్నింగ్ లెటర్ ఇచ్చి సైటు నుంచి తీసేశాడు. నూరా పూనుకోబట్టి గంగారాం ఉద్యోగం నిలిచింది. ఆయన దగ్గర నీళ్ళ సీసాలు తీసేసుకోండి, ఆ కళ్ళు మాత్రం నాకు కావాలి అని కాంట్రాక్టర్‌కు చెప్పిందట. మిగిలిన గదుల్లో పూత చూడటానికి ఆయన్ను పెట్టుకుంది. నేను అస్కర్‌లో మళ్ళీ మురుగు కాలువలు గీసుకున్నాను. వెళ్ళే ముందు గంగారాంను కలిసి, అన్న మాటలకు తప్పయిందని చెప్పాను. ఆయన మట్టి తట్ట కింద పెట్టాడు. గోడ ఆరిందా అని అడిగాడు.

నాలుగో వరుసలో ఏముందో ఇక తెలియదు. ఆ చోట దాత భార్యాపిల్లల పేర్లు ఉండొచ్చు, గోడ పూసిన పనివాడి పేరూ ఉండొచ్చు, మిగిలిన రెండు అక్షరాలను బట్టి దేన్నీ తేల్చలేనని ప్రొఫెసర్ రాశాడు. ఆఫీసులో కూర్చుని వేసిన చివరి డ్రాయింగులో ఆ వరుసను చుక్కల గీతతో ఖాళీగా వదిలేశాను. జీవితంలో నేను కలపకుండా వదిలిన పెద్ద ఖాళీ అది. ప్రతి డ్రాయింగుకూ కుడి కింది మూలన టైటిల్ బ్లాక్ అని ఒక పెట్టె ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు అని పేర్లు వేస్తాం. అందులో ఇంకో గడి చేర్చి, పూత చదివినవారు గంగారాం అని పెట్టాను. మన ఫార్మాట్‌లో అలాంటి గడి లేదు, తీసెయ్ అన్నాడు మేనేజర్. తీయకుండానే పంపేశాను.

ఆ సంగతి జరిగాక ఎవరికైనా పని అప్పగించేటప్పుడు నేను జాగ్రత్త అన్న మాట వాడటం మానేశాను. ఒక్కో పనివాడి చేతికి ఒక్కో జాగ్రత్త అలవాటై ఉంటుంది, దాన్నే వాడతాడు. అందుకే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో, ఎందుకు చెయ్యకూడదో విడమరిచి చెబుతాను. ముందు నీ పనిలో దీన్ని ఎలా చేస్తారని అడుగుతాను. అడగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. చెప్పనందుకు నాకు ఒక వరుస పోయింది.

పలక డ్రాయింగును ఆరు నెలల తర్వాత ఒక చిన్న ప్రదర్శనలో పెట్టారు. సాయం చేసిన కంపెనీ గుర్తు అనుకున్నట్టే గుమ్మమంత ఉంది. ఒక శుక్రవారం గంగారాంను కారెక్కించుకుని తీసుకెళ్ళాను. టైటిల్ బ్లాక్‌లో ఆయన పేరు వేలితో చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. కళ్ళు చెమరుస్తాయేమో, నా చెయ్యి పట్టుకుంటాడేమో అనుకున్నాను. ఆయన మూతి ముడిచాడు.

"వట్టి గంగారాం అని రాస్తిరేంది సారు. మా క్యాంపులనే నలుగురు గంగారాంలున్నరు. గా దానం జేసినాయన పక్కన వాళ్ళ నాయన పేరు పెట్టిండ్రు గద."

నాకు మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది. ఆ పేరు నిలబెట్టడానికి నేను ఎంతమందిచేత మాట పడ్డానో ఈయనకేం తెలుసు అనుకున్నాను. కారు దాకా ఆయనకంటే ముందే విసవిసా నడిచాను. ఆయన పక్క సీట్లో కూర్చుని సీటుబెల్టు పెట్టుకుంటుంటే అడిగాను, మీ నాయన పేరేంటని.

డ్రాయింగులో ఏ మార్పు చేసినా రివిజన్ నంబరు వేసి, ఏం మారిందో ఒక లైనులో రాయాలి. మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే ఆ డ్రాయింగు తెరిచాను. రివిజన్ ఐదు: సుంకరి గంగారాం, మల్లయ్య కొడుకు.